హార్డ్ డిస్క్ దోషాలు (ఇంటి కంప్యూటర్లు)

తిరిగే అయస్కాంత ప్లాటర్ల మీద గానీ, ఆ డిస్కును కంప్యూటర్‌తో కలిపే దారిలో గానీ సమాచారం చదవడం, రాయడం విఫలమైతే వాటిని హార్డ్ డిస్క్ దోషాలంటారు. కంప్యూటర్ హ్యాంగ్ అవడం, నీలి తెర పడటం, నిన్న తెరుచుకున్న ఫైలు ఇవాళ తెరుచుకోకపోవడం పైకి కనిపించే లక్షణాలు. ఇవి కనిపించగానే తప్పు డిస్కుదేనని తేల్చడం కుదరదు. కేబులు, ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, మదర్‌బోర్డుల్లో ఏది చెడినా విండోస్ ఇచ్చే సందేశాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సాలిడ్ స్టేట్ డ్రైవులు చెడే తీరు వేరు కాబట్టి వాటిని ఇక్కడ చేర్చలేదు.

బ్యాడ్ సెక్టార్లు

సెక్టార్ పరిమాణం చాలాకాలం 512 బైట్లు. 2011 ప్రాంతం నుంచి కొత్త డిస్కుల్లో 4,096 బైట్లు. ప్రతి సెక్టార్ వెంట తప్పు దిద్దే సంకేతాలు ఉంటాయి గనుక చిన్న పొరపాట్లను డిస్కే సరిచేసుకుంటుంది. సరిచేయలేనప్పుడు అదే చోటును మళ్లీ మళ్లీ చదువుతుంది. సర్వర్ల కోసం చేసిన కొన్ని డిస్కులు సుమారు ఏడు సెకన్లకే ప్రయత్నం మానుకుని తప్పు ప్రకటిస్తాయి. ఇంటి వాడకపు డిస్కులు అంతకంటే చాలాసేపు పట్టు విడవవు. కంప్యూటర్ కాసేపు కొయ్యబారిపోయి, తర్వాత ఏమీ జరగనట్టు కోలుకోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

చదవలేకపోయిన సెక్టార్‌ను డిస్కు వెంటనే పక్కన పెట్టదు. పెండింగ్ జాబితాలో ఉంచి, ఆ చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడు పరీక్షిస్తుంది. రాత నిలిస్తే జాబితాలోంచి తీసేస్తుంది. నిలవకపోతే ఫ్యాక్టరీలో విడిచిపెట్టిన అదనపు సెక్టార్ దాని స్థానంలోకి వస్తుంది. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించగానే ‘బాగైన’ డిస్కు కొన్ని వారాలకే మళ్లీ మొరాయించడంలోని గుట్టు ఇదే. తిరగరాయడం వల్ల పెండింగ్ అంకె సున్నాకు రావచ్చు, అరిగిన హెడ్ మాత్రం అరిగినట్టే ఉంటుంది. క్విక్ ఫార్మాట్‌తో ఆ మాత్రం తిరగరాత కూడా జరగదు. విస్టాకు ముందు విండోస్‌లో పూర్తి ఫార్మాట్ సైతం సెక్టార్లను చదివి చూసేదే గానీ తిరగరాసేది కాదు.

స్మార్ట్ లెక్కలు

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పద్ధతి ఎప్పుడు మొదలైందన్న దానిపై రెండు కథనాలున్నాయి. 1992లో ఐబీఎం తన ఏఎస్/400 యంత్రాల డిస్కుల్లో పెట్టిన వైఫల్య సూచన ఏర్పాటును కొందరు తొలి రూపంగా లెక్కిస్తారు. కాంపాక్ సంస్థ సీగేట్, క్వాంటమ్, కానర్‌లతో కలిసి తెచ్చిన ఇంటెలిసేఫ్ 1995లో ప్రమాణంగా ప్రతిపాదనకు రావడాన్ని మరికొందరు చెబుతారు. ఆలోచన ఐబీఎందే కావచ్చు. కానీ ఐబీఎం ఏర్పాటు ‘బాగుంది’, ‘చెడబోతోంది’ అన్న రెండు మాటలతో సరిపెట్టేది. ఒక్కో అంశానికి విడిగా విలువ చూపే నేటి రూపం కాంపాక్ వరుసకే దగ్గర.

వీటిలో 5వ అంశం మార్చిన సెక్టార్ల సంఖ్య, 197 పెండింగ్ సెక్టార్లు, 198 స్వీయ తనిఖీలో చదవలేకపోయినవి. ఈ అంకెలు పెరుగుతుంటే ప్రమాదమే, పెరగకపోతే క్షేమమని మాత్రం చెప్పలేం. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ఒక సదస్సులో ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిన డిస్కుల్లో 56 శాతం వాటిలో నాలుగు ముఖ్య స్మార్ట్ సూచికలూ ముందుగా ఏమీ చూపలేదు. తొలి స్కాన్ దోషం కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో చెడే అవకాశం మిగతావాటికి 39 రెట్లని కూడా ఆ పత్రమే చెప్పింది. అదే ఏడాది, అదే సదస్సులో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సమర్పించిన పత్రం తయారీదారుల కాగితాలను ప్రశ్నించింది. ఆ కాగితాల లెక్కన ఏటా 0.88 శాతానికి మించకూడని మార్పిడి రేటు వాస్తవంలో 2–4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా ఉంది. రెండూ పెద్ద వ్యవస్థల అధ్యయనాలు. ఇంటి డిస్కులకు నేరుగా వర్తింపజేయడంలో జాగ్రత్త అవసరం.

కేబులు, కరెంటు, ర్యామ్

రిపేరుకు వెళ్లేవారు తక్కువగా చూసేది, ఎక్కువగా చూడవలసినది స్మార్ట్‌లోని 199వ అంశం. డిస్కు నుంచి మదర్‌బోర్డుకు దారిలో చెడిన సమాచారాన్ని ఇది లెక్కిస్తుంది. ప్లాటర్లతో దీనికి సంబంధం లేదు. ఈ అంకె సాధారణంగా వెనక్కి తగ్గదు కాబట్టి ఉన్న సంఖ్య కంటే అది పెరుగుతోందా అన్నదే ముఖ్యం. పెరుగుతుంటే ముందు మార్చవలసినది కేబులు. పాత ఐడీఈ కేబుళ్ల పొడవు ప్రమాణం ప్రకారం 46 సెంటీమీటర్లు దాటకూడదు. వేగం పెరిగాక సంకేతాలు కలిసిపోకుండా 40 తీగల మధ్య మరో 40 భూతీగలు చేర్చారు. విండోస్ ఎక్స్‌పీ అయితే ఇలాంటి దోషాలు ఆరు పోగయ్యేసరికి డిస్కు వేగాన్ని ఒక మెట్టు దించి, చివరికి నత్తనడక పీఐఓ పద్ధతిలోకి నెట్టేది. వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించినవాటిలో ఇలాంటివీ ఉండే ఉంటాయి. సాటా కేబులుకు హద్దు ఒక మీటరు.

విద్యుత్తు విషయంలో 12 వోల్టుల సరఫరా ఐదు శాతానికి మించి అటూఇటూ కాకూడదు. పాతబడిన ఎస్‌ఎంపీఎస్ అంతకంటే దిగజారితే డిస్కు తిరుగుతూ తిరుగుతూ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ టకటక శబ్దాన్ని హెడ్ చెడిన శబ్దంగా పొరబడటం మామూలే. సుమారు 1999–2007 మధ్య తయారైన చాలా బోర్డుల్లో నాసి కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లలో రాత మధ్యలోనే తెగిపోవడం మరో బెడద. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోని జర్నల్ ఫైళ్ల పట్టికను కాపాడుతుంది గానీ, ఫైలు లోపలి విషయానికి హామీ ఇవ్వదు.

చెడిన ర్యామ్ డిస్కుకు తప్పుడు సమాచారాన్నే అందిస్తుంది, డిస్కు దాన్ని నమ్మకంగా రాసిపెడుతుంది. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపడం దీనికి వాడుకలో ఉన్న పరీక్ష.

పేరుమోసిన ఉదంతాలు

2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ మీద మరుసటి ఏడాదే అమెరికాలో సామూహిక దావా పడింది. 2005లో రాజీ కుదిరింది. గాజు ప్లాటర్ల పైపూత రాలడమే కారణమని విస్తృతంగా చెబుతారు, ఇతర వివరణలూ ఉన్నాయి. సీగేట్ బారాకుడా 7200.11 సంగతి స్పష్టమైనది. 2009 జనవరిలో బయటపడిన ఫర్మ్‌వేర్ లోపం వల్ల డిస్కు స్విచ్ వేసినప్పుడు తాళం పడినట్టు కనిపించకుండా పోయేది, లోపలి సమాచారం చెక్కుచెదరకపోయినా.

తనిఖీ వరుస

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరిట 7వ సంఖ్య బ్యాడ్ బ్లాక్‌ను, 11 కంట్రోలర్ దోషాన్ని, ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరిట 55 ఫైల్ వ్యవస్థ చెదరడాన్ని సూచిస్తాయి. 11 ఒక్కటే వస్తుంటే కేబులును, పోర్టును ముందు అనుమానించడం మేలు.

చెక్‌డిస్క్‌ను మొదటి మందుగా వాడటం ఆనవాయితీ అయినా, చెడుతున్న డిస్కు మీద అది సురక్షితం కాదు. పట్టికను సరిచేసే క్రమంలో అది దిక్కులేని ఫైళ్లను ముక్కలుగా మార్చవచ్చు, పూర్తి స్కాన్ అరిగిన హెడ్‌ను గంటల తరబడి శ్రమపెడుతుంది. ముందు నకలు తీయాలి. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ డీడీరెస్క్యూ బాగున్న భాగాలను మొదట కాపీ చేసి, మొండి సెక్టార్లను చివరికి వదిలిపెడుతుంది, ఎక్కడ ఆగిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. కుర్ట్ గార్లోఫ్ చేసిన, దాదాపు అదే పేరున్న పరికరం వేరు. రెంటినీ కలిపేయడం తరచూ కనిపిస్తుంది. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టి బతికించిన కథలు చాలా ఉన్నాయి. బయటికి తీయగానే పట్టే చెమ్మ వల్ల ప్లాటర్లకు కలిగే హాని దృష్ట్యా రికవరీ నిపుణులు సాధారణంగా దీన్ని వారిస్తారు.