కొల్లేటి సీమ లెక్కలు: జమాబందీ నుంచి కృత్రిమ మేధ దాకా

ఏలూరు జిల్లా కైకలూరు, దాని చుట్టుపక్కల కొల్లేటి గ్రామాల ప్రధాన వ్యాపారం చేపలు. బొచ్చె, శీలావతి, పంగాసియస్ ఇక్కడి చెరువుల నుంచి ఐసులో సర్దుకుని కోల్‌కతా, అస్సాం మార్కెట్లకు లారీల్లో వెళ్తాయి. సరుకు నీళ్ల అడుగున ఉంటుంది, కొనేవాడు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటాడు. అందువల్ల లెక్క రాయడం కంటే ఆ లెక్క నిజమో కాదో తేల్చడమే ఇక్కడ పెద్ద పని. ఆ పనిలోకి ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది.

ఈ ఊళ్లకు తనిఖీ కొత్త కాదు. గ్రామ కరణం అడంగల్ మొదలైన లెక్కలు రాసేవాడు. జూన్ 30తో ఫసలీ సంవత్సరం ముగిశాక రెవెన్యూ అధికారులు జమాబందీ అనే వార్షిక తనిఖీలో వాటిని సరిచూసేవారు. అంతకు ముందే పొలాల మీద అజమాయిషీ జరిగేది: అడంగల్లో రాసిన పైరు చేలో ఉందా లేదా అని కళ్లతో చూసి రావడం. కాగితం మీది అంకెను నేల మీది వస్తువుతో పోల్చే ఈ అలవాటు నేటి ఆడిటింగ్‌కూ ప్రాణమే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం పదవులను రద్దు చేసింది.

వ్యాపారుల లెక్కల దారి వేరు. రోజు చిట్టాలో జమాఖర్చులు రాసి, వాటిని ఆవర్జాలో పేరు పేరునా ఖాతాలకు ఎక్కించడం గుమాస్తా పని. చెరువు పట్టుబడి రోజున గట్టు మీద వేసిన కాటా చీటీలే ఆ పద్దులకు మూలం. బెంగళూరులో 1986లో మొదలైన సంస్థ తయారుచేసిన టాలీ సాఫ్ట్‌వేర్ తర్వాతి దశాబ్దాల్లో దుకాణాలకూ ఆడిటర్ల కార్యాలయాలకూ చేరింది. కూడికల్లో తప్పులు పోయాయి. తప్పుడు పద్దు మాత్రం తప్పుడు పద్దుగానే ఉండిపోయింది, కాకపోతే శుభ్రంగా అచ్చయి కనిపించింది.

ఆ సంగతి దేశానికి తెలిసివచ్చింది 2009 జనవరి 7న. పొరుగునున్న భీమవరం ప్రాంతానికి చెందిన బి. రామలింగరాజు, తాను స్థాపించిన సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని లేఖ రాశాడు. దర్యాప్తులో ఏడు వేలకు పైగా దొంగ ఇన్వాయిసులు బయటపడ్డాయి. వాటిని పుట్టించింది కంపెనీ సొంత కంప్యూటర్ వ్యవస్థలోనే. బ్యాంకు నిల్వల ధ్రువీకరణను ఆడిటర్లు తమ చేతుల్లో ఉంచుకుని బ్యాంకుల నుంచే నేరుగా తెప్పించుకోలేదన్నది అమెరికా నియంత్రణ సంస్థలు ఎత్తిచూపిన లోపం. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజును, మరికొందరిని దోషులుగా తేల్చింది.

తర్వాత చట్టం కదిలింది. 2013 కంపెనీల చట్టం వచ్చింది. దాని కిందే 2018లో నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ ఏర్పడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి. పద్దు చెరిపితే చెరిపిన జాడ మిగలాలి. ఈలోగా 2017 జూలై 1న జీఎస్టీ, 2020 అక్టోబరులో ఈ-ఇన్వాయిస్ మొదలయ్యాయి. కృత్రిమ మేధకు మేత ఈ నమోదులే.

పాత పద్ధతిలో ఆడిటర్ వేల ఓచర్లలోంచి కొన్నింటిని ఏరి పరీక్షించేవాడు. యంత్రమైతే అన్నిటినీ చదువుతుంది. ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు, ఇద్దరు సరఫరాదారులకు ఒకే బ్యాంకు ఖాతా, మార్చి 31 అర్ధరాత్రి వేసిన రౌండు అంకెల పద్దు వంటివి పట్టి ముందు పెడుతుంది. పరోక్ష పన్నుల బోర్డు 2021లో తెచ్చిన అద్వైత్ వ్యవస్థ పన్ను ఎగవేతలను పట్టుకోవడానికి ఇలాగే డేటాను గాలిస్తుంది. హైదరాబాదులోని పెద్ద ఆడిట్ సంస్థల కార్యాలయాల్లో తెలుగు యువతీయువకులు అమెరికా కంపెనీల లెక్కలను ఇటువంటి సాధనాలతోనే పరిశీలిస్తున్నారు.

కైకలూరులో యంత్రానికి అంత మేత దొరకదు. తాజా చేపల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ అమ్మకాలకు ఈ-ఇన్వాయిస్ జాడ ఉండదు. ఒకే వ్యక్తికి రోజుకు 10,000 రూపాయలు మించిన నగదు చెల్లింపును ఆదాయపు పన్ను చట్టం వ్యాపార ఖర్చుగా ఒప్పుకోదు, కానీ చేపల రైతుకు నేరుగా ఇచ్చే సొమ్ముకు దాని నిబంధనలు మినహాయింపునిచ్చాయి. రైతుకు అది న్యాయమైన వెసులుబాటే. తనిఖీదారుకు మాత్రం మిగిలేది కాటా చీటీ ఒక్కటే.

చెరువులోని సరుకు విలువ కట్టడం ఇంకా కష్టం. 10,000 పిల్లలు వదిలారనుకుందాం. విసురు వలలో పడ్డ చేపల సగటు బరువు కిలో ఉంది. నూటికి 80 బతికాయంటే సరుకు 8 టన్నులు, 90 అంటే 9 టన్నులు. ఒక్క అంచనా మార్చితే పుస్తకంలో టన్ను చేప పుడుతుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలిపోతే నిన్నటి లెక్క ఇవాళ చెల్లదు. మేత బిల్లులకూ చేపల బరువుకూ పొంతన ఉందో లేదో యంత్రం చెప్పగలదు. గట్టు మీదికి మనిషి వెళ్లాలా వద్దా అని నిర్ణయించడానికి అది గొప్ప సాయమే. వెళ్లిన మనిషికి మాత్రం అది బదులు కాదు.

2023లో జీ20 దేశాల ప్రభుత్వ ఆడిట్ సంస్థలు భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) అధ్యక్షతన గువాహటి, గోవాల్లో సమావేశమై నీలి ఆర్థిక వ్యవస్థ, బాధ్యతాయుత కృత్రిమ మేధ అనే రెండు అంశాలను చర్చించాయి. కొల్లేటి సీమకు ఆ రెండూ కావాలి. బాధ్యత అన్న మాట ఊరికే చేర్చింది కాదు: 2025లో డెలాయిట్ అనే ఆడిట్ సంస్థ ఆస్ట్రేలియా ప్రభుత్వానికిచ్చిన ఒక నివేదికలో లేని ఆధారాలు కనిపించాయి. దాని తయారీలో కృత్రిమ మేధను వాడినట్టు తేలాక సంస్థ కొంత సొమ్ము వాపసు ఇవ్వాల్సివచ్చింది.

బిల్లులు ఎక్కించే గుమాస్తా పని తగ్గుతోంది. ఆర్టికల్స్ (ఆడిటర్ల దగ్గర శిక్షణ) చేసే సీఏ విద్యార్థులు ఓచర్లు తిరగేసి నేర్చుకునే దశ కూడా కుదించుకుపోతోంది. ఇది ఆందోళన కలిగించే మార్పే, ఎందుకంటే అనుమానించడం అలవడేది ఆ దశలోనే. బాధ్యత మాత్రం మారలేదు. 2019 నుంచి ప్రతి ఆడిట్ నివేదిక మీదా యూడీఐఎన్ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్య తీసుకోవాల్సిందీ, సంతకం పెట్టాల్సిందీ, తప్పు తేలితే జవాబు చెప్పాల్సిందీ చార్టర్డ్ అకౌంటెంటే.