మెట్ట సేద్య పరిశోధన: బహిరంగ గ్రంథసూచికలు (అనంతపురం)

మెట్ట పంటలపై వెలువడిన పరిశోధన వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు, నివేదికల వివరాలను చందా కట్టకుండా ఎవరైనా వెతుక్కోగల డేటాబేస్‌లే బహిరంగ గ్రంథసూచికలు. శీర్షిక, రచయితలు, సంవత్సరం, సారాంశం వీటిలో ఉంటాయి; కొన్నింటిలో పూర్తి పాఠమూ దొరుకుతుంది. అనంతపురం వేరుశనగ వీటి అవసరాన్ని బాగా చూపే ఉదాహరణ.

నేపథ్యం

అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలల్లో వానను నమ్ముకుని వేసే వేరుశనగకు ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే దిగుబడి పడిపోతుంది. రేకులకుంట, కదిరి పరిశోధన కేంద్రాలు, పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ పంటపై పనిచేస్తున్నాయి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి వాణిజ్య సూచికలు ఎంపిక చేసిన పత్రికలకే ప్రాధాన్యమిస్తాయి. స్థానిక పరీక్షల నివేదికలు, సిద్ధాంత గ్రంథాలు వాటిలో చాలావరకు కనిపించవు.

ప్రధాన వనరులు

ఇక్రిశాట్ 2009లో తన శాస్త్రవేత్తల వ్యాసాలను బహిరంగంగా ఉంచాలని నిబంధన పెట్టింది. అనంతపురం రైతుల పొలాల్లో పరీక్షించిన ఐసీజీవీ 91114 అనే రకం పేరును ఇక్రిశాట్ రిపాజిటరీలో (పత్రాలు భద్రపరిచే ఆన్‌లైన్ నిధిలో) వెతికితే సంబంధిత పత్రాలు దొరుకుతాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో బహిరంగ ప్రాప్యత విధానం ప్రకటించింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్‌లో, ఇతర విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగలో చేరుతున్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రిస్, 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ అంతర్జాతీయ సూచికలు. ఆగ్రిస్ వాడే ఆగ్రోవాక్ పదకోశం గ్రౌండ్‌నట్, పీనట్ అన్న పేర్లను ఒకే అంశం కిందికి తెస్తుంది. అందులో తెలుగు పదాలూ ఉన్నాయి.

పరిమితులు

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, పరిశోధన పత్రికలకు ఉమ్మడి చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థల కోసం. రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, విలేకరులు దాని పరిధిలో లేరు. సారాంశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉండటంతో వాటిని రైతుకు విడమరచి చెప్పే భారం గ్రామస్థాయి వ్యవసాయ సిబ్బందిపై పడుతుంది. పైగా, సూచికలో వివరం కనబడినంత మాత్రాన వ్యాసం చదవగలమని కాదు. ప్రచురణకర్త చందా అడిగే చోట, రచయిత తన ఆమోదిత ప్రతిని సంస్థ రిపాజిటరీలో ఉంచితే అది ఉచితంగా అందుతుంది.