సీప్యాప్: ఒత్తిడి పెంచమనే ముందు మాస్కు చూసుకోండి

గురక పెడితే హాయిగా నిద్రపోతున్నారని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతే, ఊపిరి మాటిమాటికీ ఆగుతుంది. ఇదే స్లీప్ ఆప్నియా. గంటకు 5 నుంచి 15 సార్లు ఆగితే తేలికపాటిది, 30 దాటితే తీవ్రమైనది. సీప్యాప్ యంత్రం ఇచ్చేది ఆక్సిజన్ కాదు. గదిలోని గాలినే ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ బృందం 1981లో ఈ పద్ధతిని వెల్లడించింది.

కొన్న యంత్రం నెల తిరక్కుండా అటకెక్కిందంటే మేము మొదట అనుమానించేది మాస్కునే. ముక్కు రంధ్రాలకు ఆనేది, ముక్కును కప్పేది, ముక్కూ నోరూ కప్పేది అని మూడు రకాలున్నాయి. మీసాలున్నవారికి మొదటిది తరచూ కుదురుతుంది. నోరు తెరిచి పడుకుంటారని వెంటనే మూడోది తగిలించడం మాకు నచ్చదు. అది దవడను వెనక్కి నొక్కవచ్చు, ఒత్తిడీ ఎక్కువ కావాల్సి రావచ్చు. ముక్కుదిబ్బడ ఉంటే ముందు దానికి వైద్యం చేయించాలి. పట్టీలను కూర్చుని కాదు, పడుకుని, యంత్రం నడుస్తుండగా సరిచేసుకోవాలి. మరీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది, గాలి కారడమూ ఆగదు.

ఒత్తిడి సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి కొలతలో ఉంటుంది. దాన్ని మార్చాల్సింది డాక్టరే. సొంతంగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. కొందరిలో మెదడే ఊపిరి తీసుకోమనే సంకేతం ఇవ్వని మరో రకం ఆప్నియా బయటపడుతుంది.

బళ్లారిలోనో హోసూరులోనో బరంపురంలోనో డాక్టరుకు తెలుగు రాకపోతే, అక్కడి బడిలో చదివిన మనవడే అవ్వ మాటను కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో చెబుతాడు. “ఊపిరాడట్లేదు” అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. గాలి చాలడం లేదా, లేక దూసుకొస్తోందా అని ముందు ఇంట్లోనే అడగండి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. గాలి చాలకపోతే మొదలయ్యే ఒత్తిడిని పెంచాల్సి రావచ్చు. దూసుకొస్తుంటే మెల్లగా పెరిగే ర్యాంప్ అమరిక పనికొస్తుంది. గొంతు ఎండిపోతే హ్యుమిడిఫయర్ పెంచమంటారు. ఏసీ గదిలో గొట్టంలోకి నీరు చేరితే తగ్గించమంటారు. యంత్రం తెర మీద గాలి కారుతున్న లెక్క, గంటకు ఊపిరి ఆగిన లెక్క రెండూ కనిపిస్తాయి. వారం రోజులవి కాగితం మీద రాసి తీసుకెళ్లండి, ఆ అంకెలు ఏ భాష డాక్టరుకైనా అర్థమవుతాయి.