గోధుమరవ్వ లెక్క

1983లో నేను ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర చదవడానికి వచ్చాను. కనిగిరి పక్క మాదిగపల్లె నుంచి ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల దాకా రావడానికి మా ఇంటికి ఎన్ని తరాలు పట్టిందో అప్పుడు నేను లెక్క వేసుకోలేదు. సాయంత్రమైతే క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తాకి నడిచిపోయి, ఒక చాయ్ ఇద్దరం పంచుకుని, లోకంలోని దోపిడీ అంతటి గురించీ మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు అలా కూచున్నప్పుడు మతమార్పిడుల మాట వచ్చింది. మా మిత్రుడొకడు, మంచివాడే, పేదవాళ్ళ పక్షం మాట్లాడేవాడే, నా వైపు చూసి నవ్వుతూ అన్నాడు: "ఊళ్ళల్లో మాల మాదిగలకేముంది బ్రదర్! గోధుమరవ్వ పోస్తే, పాలపొడి ఇస్తే మారిపోయారు. రేపు ఇంకొకడు జీడిపప్పు పెడితే వాడి ఎంట పోతారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నలభై ఏళ్ళుగా నా గొంతులో అడ్డం పడే ఉంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఆ మాట మా జేజికి చెప్పాను. జేజి చెప్పులు కుట్టిన చేతులతోనే బైబిలు పేజీలు తిప్పే మనిషి. చదవడం రాదు, అయినా ఏ వాక్యం ఎక్కడుందో తెలుసు.

"తిన్నాం రా, తినక? ఆకలయితే తినమా? పాలపొడి నీ చిన్నప్పుడొచ్చింది. మనోళ్ళు దేవుణ్ణి నమ్ముకుంది ధాత కరువులో. మా అత్త చిన్నపిల్లగా కాలవ మీద మట్టి మోసింది. మజ్జెలో ఎన్నేండ్లో లెక్కజూడు. చదువుకున్నోడివి గదా!"

నిజమే. చరిత్ర విద్యార్థిని నేను. లెక్క చూడలేదు. తిరిగి వచ్చాక చూడడం మొదలుపెట్టాను. తార్నాకలో ఒక పాస్టరుగారు ఇచ్చిన పాత మిషన్ పుస్తకాలు, క్యాంపస్‌లో చదివిన కరువుల చరిత్ర, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నాను.

అమెరికా నుంచి బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మావాళ్ళకి ఆయన క్లౌ దొర. మొదట్లో బ్రాహ్మణ పిల్లలు ఆయన బడికి వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లలు రారని వాళ్ళ పెద్దలు చెప్పేశారు. దొర, దొరసాని ఆ రాత్రి ఆలోచనలో పడ్డారు. విడివిడిగా తెరిచినా ఇద్దరి బైబిళ్ళలోనూ ఒకే చోటు వచ్చిందట: దేవుడు లోకంలో నీచులైనవాళ్ళని ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక భాగం. మాదిగల్నే చేర్చుకున్నారు. బ్రాహ్మణ పిల్లలు బడి మానేశారు.

అయితే దొర మా పల్లెల్ని తనంతట తాను కనిపెట్టలేదు. ఆయన రాకముందే తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారానికి ఉత్తరాదికి పోయి, ఏలూరు వైపు క్రైస్తవుల మాట విని వచ్చాడు. అంతకుముందే యోగ మార్గంలో గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. వెట్టి చేసే పల్లెల్లో తత్వం మాట్లాడుకునే మనుషులున్నారన్నమాట! పేరయ్యకి 1866లో బాప్తిస్మమయింది. ఆ తర్వాత పల్లె పల్లెకీ, గుడిసె గుడిసెకీ కాలినడకన పోయింది ఆయన, ఆయన భార్య నాగమ్మ, ఆయనలాంటి బోధకులు. దొరకి గుర్రం ఉంది. వీళ్ళకి కాళ్ళున్నాయి.

1876లో వానలు పోయాయి. ఆ ఏడాది ధాత. కరువుకి అదే పేరు పడింది. సర్కారు పనులు పెట్టింది గాని, 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర ఖర్చు తగ్గించడానికి మగ కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మద్రాసు పారిశుధ్య శాఖ డాక్టరు కార్నిష్, ఆ తిండితో మట్టి పని చేసే మనిషి నిలబడలేడని వాదించాడు. పైగా పనుల మీద మేస్త్రీలు మా వాళ్ళని తిట్టేవాళ్ళు, కూలి కోసుకునేవాళ్ళు.

క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూమి కొలిచే పని చేసినవాడు. ఆయన సర్కారు దగ్గర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు గుత్తకి తీసుకున్నాడు. మేస్త్రీలుగా బోధకుల్నే పెట్టాడు. మావాళ్ళ మీద మావాళ్ళే మేస్త్రీలు! తవ్విన మట్టికి తగిన కూలి. అది భిక్ష కాదు. మా జేజి వాళ్ళత్త నెత్తిన గంప పెట్టుకుంది అక్కడే.

ఇక్కడే నా మిత్రుడికి చెప్పాల్సిన అసలు సంగతి ఉంది. కరువు సాయం నడిచినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వస్తారేమోనని ఆయనకే అనుమానం. అడిగినవాళ్ళని ఆపాడు. సాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్ళకి పొండి అన్నాక కూడా వాళ్ళు పోలేదు. సాయం వద్దన్నారనీ, చేతుల మీద బొబ్బలు చూపించారనీ ఆయనే రాసుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్ళల్లో మునిగి లేచారు. నీళ్ళల్లో నిలబడి ముంచింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా. ప్రపంచం ఆ అంకెనీ, దొర పేరునీ గుర్తుపెట్టుకుంది. ఆ ఆరుగురిని ఎవరు తలుచుకుంటారు?

మరి గోధుమరవ్వ సంగతి? అది పి.ఎల్. 480 కింద వచ్చింది. అమెరికాలో ఆ చట్టం చేసింది 1954లో. అంటే గుండ్లకమ్మ తర్వాత 76 ఏళ్ళకి. చెయ్యి చెయ్యి కలిపిన బొమ్మ ఉన్న ఆ సంచులు నాకు గుర్తే. మిషన్ బడిలో గ్లాసు పట్టుకుని పాలకి వరసలో నిలబడ్డాను. అయితే 1966లో మన దేశం దిగుమతి చేసుకున్న ధాన్యం కోటి టన్నుల పైమాటే. ఆ గోధుమ ఒక్క మాదిగపల్లెకే వచ్చిందా? తిన్నవాళ్ళంతా మతం మారితే ఈ దేశంలో మిగిలేదెవరు?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి నడిచేటప్పుడల్లా టెంపుల్ దొర పౌను ధాన్యం గుర్తొచ్చేది. ఆకలిని తూచడానికి శాస్త్రం ఉంది. ఆకలిగొన్నవాడి మాన మర్యాదల్ని తూచే తక్కెడ ఎక్కడా కనపడలేదు.

ఇవన్నీ తెలిశాక కూడా నేను ఆ హోటలుకి పోయి మిత్రుడికి జవాబు చెప్పలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నాకు రెండు పేర్లు. గుడిలో ఒకటి, బడిలో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికి తెరవలేదు. 1970లో మన రాష్ట్రం మమ్మల్ని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చింది. గుడికి పోయినా మాదిగపల్లె మాదిగపల్లెగానే ఉంది. హోటల్లో మాకు గ్లాసు వేరుగానే ఉంది. కాగితంలో మాత్రం కులం పోయింది! అందుకే మా నాయన నన్ను బడిలో వేరే పేరుతో రాయించాడు. నా స్కాలర్‌షిప్పు, తర్వాత నా ఉద్యోగం, ఆ పేరు మీదే నిలబడ్డాయి. "అవును, మాది క్రైస్తవ కుటుంబం, అయితే గోధుమరవ్వకి కాదు" అని తార్నాక నడిరోడ్డు మీద అంటే నా కూడు పోయేది.

లెక్క చూడండి. కూటి కోసం నమ్మినవాళ్ళయితే 1950లోనే వెనక్కి పోవాలి. బాప్తిస్మం పుస్తకంలో పేరుంటే లాభం లేదు, నష్టమే. అయినా మా జేజి చచ్చిపోయేదాకా ఆదివారం మానలేదు. నేను మాత్రం పేరు దాచుకున్నాను. కూటి కోసం ఎవరైనా మారారంటే అది మా జేజి వాళ్ళత్త కాదు, నేను.

ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది. ఆ మిత్రుడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ జవాబు అతనికే.