దడి గుంజ కథ

పెరటి దడి ఒరిగినచోట గుంజను పీకి చూడండి. పైన గట్టిగానే ఉంటుంది; పుచ్చేది నేలమట్టం దగ్గరే. తడీ గాలీ కలిసేది అక్కడే గదా! బూజూ చెదలూ అక్కడే చేరతాయి.

ఈ బాధకు మందు వెదకడం పాత కథే. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ తారునూనెను ఒత్తిడితో కొయ్యలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందారు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో శొంఠి కామేశంగారు రాగి, క్రోమియం, పాషాణం కలిపిన నీటిమందు కనిపెట్టారు. రాగి బూజును, పాషాణం చెదను అణచును. క్రోమియం ఆ రెంటినీ కొయ్యలో పట్టి ఉంచును. పచ్చని ఛాయ గల ఆ గుంజలు దేశదేశాల కంచెలకెక్కినవి.

అయితే పాషాణం పాషాణమే! 2003 చివరికి అమెరికాలో ఇళ్ల కంచెలకు ఈ మందుకొయ్య తయారీ మానుకున్నారు.

కనుక దడి బాగుచేసేటప్పుడు, మందు పట్టించిన పాత గుంజ ముక్కలను పొయ్యిలో పెట్టకండి. విషం బూడిదలో మిగులుతుంది. అది అంట్లు తోమడానికీ, పెంటకుప్పకూ పనికిరాదు. పశువు నాకితే ప్రాణం మీదికొస్తుంది.

కొత్త గుంజకు చేవకొయ్య ఎంచుకోండి. మొదట్లో నీరు నిలవకుండా మట్టిని ఎత్తుగా దిమ్మిస కొట్టండి.