సెప్టెంబర్ 20 వీధి

ట్యూరిన్‌లో బిషప్పుగారి పెద్ద చర్చి ఉన్న వీధి పేరు 'సెప్టెంబర్ 20'. వచ్చిన కొత్తలో ఏదో పండగ తేదీ కాబోలు అనుకున్నాను. తీరా ఆరా తీస్తే, 1870లో ఇటలీ సైన్యం రోము గోడను ఫిరంగులతో కూల్చి పోపు చేతిలోంచి నగరాన్ని లాక్కున్న రోజట అది. అంటే బిషప్పు చర్చికి చిరునామా పోపు ఓటమి! 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన మన సెప్టెంబర్ 17కి మూడు రోజులే తేడా. ఆ రోజును విమోచనం అనాలో విలీనం అనాలో మనం ఇంకా ఏటా కొట్లాడుకుంటూనే ఉన్నాం. వీళ్లు ఏనాడో బోర్డు రాయించి గోడకు కొట్టేశారు.

పోలిక ఎలాగూ వచ్చింది కాబట్టి కొంచెం సాగదీస్తాను. మన నిజాం ఓడిపోయాక ఢిల్లీ ఇచ్చిన భరణం పుచ్చుకుని, రాజ్‌ప్రముఖ్ పదవి కూడా తీసుకుని, కింగ్ కోఠీలో కాలక్షేపం చేశాడు. తొమ్మిదో పయస్ పోపు అలా కాదు. ఇస్తామన్న భరణం వద్దన్నాడు. నేను బందీని అని ప్రకటించి వాటికన్ గడప దాటడం మానేశాడు. తర్వాత వచ్చిన పోపులదీ అదే పట్టు. 1929లో ముస్సోలినీతో ఒప్పందం కుదిరేదాకా, అంటే 59 ఏళ్లు, ఆ అలక తీరలేదు. మన నిజాం వంశమూ అంత పట్టు పట్టి ఉంటే కింగ్ కోఠీ గేట్లు 2007 దాకా తెరుచుకునేవి కావు. పైగా, నన్ను నమ్మినవాళ్లెవరూ ఎన్నికల జోలికి పోవద్దని ఒక ఫర్మానా కూడా వెలువడి ఉండేది. పోపు సరిగ్గా ఆ పనే చేశాడు, భక్తిగల కథోలికులు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయడం తగదన్నాడు. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 1873లో విశ్వవిద్యాలయాల్లో దైవశాస్త్ర విభాగాలు ఎత్తేసింది.

నన్ను ఆకట్టుకున్నది ఈ రెండింటి మధ్య నలిగిన కుర్రాళ్ల కథ. ఓటు లేదు, కాలేజీలో దేవుడి మాట ఎత్తే చోటు లేదు. వాళ్లే సొంతంగా సంఘాలు పెట్టుకున్నారు. 1896లో అవన్నీ కలిసి కథోలిక విద్యార్థుల సమాఖ్య అయ్యాయి. దాన్ని ఇక్కడ 'ఫూచి' అంటారు. తర్వాతి కాలంలో పోపు అయి 1964లో బొంబాయికి వచ్చిన ఆరో పాల్, యువ ఫాదరుగా ఉన్నప్పుడు దానికి ఆత్మీయ గురువు. ప్రధాని పదవి చేసి, 1978లో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్రవాదుల చేతిలో హతమైన ఆల్దో మోరో కూడా అందులో విద్యార్థి నాయకుడే.

పోపు కొలువున్న దేశంలో కథోలిక విశ్వవిద్యాలయం 1921 దాకా లేదంటే మన ఊళ్లో నమ్మరు. మిలాన్‌లో దాన్ని స్థాపించినవాడు అగొస్తీనో జెమెల్లీ. ఒకప్పటి సోషలిస్టు, డాక్టరు, ఆ తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 2025లో పోప్ ఫ్రాన్సిస్‌ను చేర్చిన రోము ఆసుపత్రికి ఈయన పేరే పెట్టారు. డబ్బు పోగుచేసే భారం మోసింది అర్మీదా బరేల్లి అనే ఆవిడ. ఊరూరా చర్చిల్లో చందాలు ఎత్తారు, ఏడాదికి ఒక ఆదివారం ఇప్పటికీ ఎత్తుతారు. అక్కడ ఏ కోర్సు చదివినా దైవశాస్త్రం పాఠాలు తప్పవు. జెమెల్లీ అంటే నాకు గౌరవం ఉంది కానీ ప్రేమ లేదు. ఫాసిస్టులతో మరీ సులువుగా సర్దుకుపోయాడు.

నాకు ప్రేమ ఉన్నది ఇంకొకడి మీద. పియెర్ జోర్జియో ఫ్రసాతి, 1901లో పుట్టాడు. తండ్రి 'లా స్తంపా' పత్రిక అధిపతి, సెనేటరు, జర్మనీకి రాయబారి, దేవుడంటే పెద్దగా పట్టింపు లేనివాడు. కొడుకు గని కార్మికుల మధ్య పనిచేయాలని ఇక్కడి పాలిటెక్నిక్‌లో మైనింగ్ ఇంజనీరింగ్‌లో చేరాడు. ఫూచి సంఘంలోనూ, విన్సెంట్ డి పాల్ సొసైటీలోనూ సభ్యుడు. ఆ సొసైటీ కూడా విద్యార్థులు పెట్టిందే. మిలాన్‌లో పుట్టి పారిస్‌లో చదువుకుంటున్న ఓజనామ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు 1833లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. పేదలకు డబ్బు ఎవరి చేతో పంపించి ఊరుకుంటే కుదరదు, స్వయంగా వాళ్ల ఇంటి మెట్లెక్కి వెళ్లాలన్నది ఆ సొసైటీ పద్ధతి.

ఫ్రసాతి ఆ మెట్లు ఎక్కినవాడు. ట్రాముకని ఇంట్లో ఇచ్చిన చిల్లర ఎవరి చేతిలోనో పెట్టేసి, భోజనాల వేళకు పరుగెత్తుకుంటూ ఇల్లు చేరేవాడు. 1923లో ముస్సోలినీ ఊళ్లోకి వస్తున్నాడని తన సంఘం జెండా వేలాడదీస్తే, కోపంతో రాజీనామా రాసి ఇచ్చాడు. 1925లో, ఇంకా రెండు పరీక్షలు మిగిలి ఉండగా, పోలియో సోకింది. అప్పుడే ఇంట్లో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉంది. వీణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. చనిపోయే ముందు రోజు, చెయ్యి చచ్చుబడుతుండగా, స్నేహితుడికి ఒక చీటీ రాశాడు: ఈ ఇంజెక్షన్లు ఫలానా రోగికి ఇవ్వు, ఈ తాకట్టు చీటీ ఫలానా ఆయనది, మరిచిపోయాను, నా లెక్కలో గడువు పొడిగించు. ఆ చీటీ ఫోటో చూశాను. పలక పట్టిన పిల్లాడి రాతలా అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. జూలై 4న పోయాడు, 24 ఏళ్లు. శవం వెంట ట్యూరిన్ పేదలు వీధులు నిండేలా నడిచారు. కొడుకు సాయంత్రాలు ఎక్కడ గడిపాడో కన్నవాళ్లకు అప్పుడు అర్థమైంది. 2025 సెప్టెంబర్ 7న పోపు అతణ్ణి పునీతుడిగా ప్రకటించారు. నేను హిందువుల ఇంట పుట్టినదాన్ని, అద్భుతాలు నన్ను కదిలించవు. తాకట్టు చీటీ కదిలించింది.

ఇదంతా మా హైదరాబాద్ బేగంపేట వాళ్లకు ఎందుకు చెబుతున్నానంటే, మనకు ఈ ఊరితో పాత చుట్టరికం ఉంది. సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ బడి పెట్టిన సిస్టర్లు ఇక్కడివాళ్లే. జూలియా అనే జమీందారిణి జైళ్లలో ఆడ ఖైదీల కోసం పాటుపడి, 1834లో భర్తతో కలిసి ఈ ఊళ్లో ఆ సభను స్థాపించింది. రోము పోయిన మరుసటి ఏడాదే, 1871లో, వాళ్లు మన దగ్గర బడి తెరిచారు. బేగంపేటలో నేను చదివిన సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ 1959ది. దాన్ని నడిపే సిస్టర్ల మూలం ఇక్కడికి తూర్పున, ఇసెయో సరస్సు ఒడ్డున లోవెరె అనే చిన్న ఊరు. బర్తలొమేయా, విన్సెంజా అనే ఇద్దరు ఆడవాళ్లు 1832లో అక్కడ ఆ పని మొదలుపెట్టారు. కాలేజీలో మాలో ఎక్కువమంది హిందువులం, ముస్లింలం. పరీక్షల ముందు మాత్రం చాపెల్‌లో కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. విమానం నెత్తి మీదుగా పోతుంటే మేడమ్ పాఠం ఆపేది, మేం ఆ అరనిమిషంలో ఒక కబురు పూర్తి చేసేవాళ్లం. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు పోయాయి. ఇప్పటి పిల్లలకు ఆ సుఖం లేదు. ఆల్ప్స్ మంచు ఎంత అందంగా ఉన్నా, సాయంత్రమయ్యేసరికి నా నోరు పారడైజ్ దగ్గరి ఇరానీ చాయ్‌నే అడుగుతుంది.

మళ్లీ అసలు మాటకొస్తే, మనకు మిషన్ అంటే బడి, ఆసుపత్రి. ఎవరో వచ్చి మనకు కట్టించి ఇచ్చినవి. సేవ అంటే ఎన్.ఎస్.ఎస్. సర్టిఫికెట్. ఇక్కడ అది విద్యార్థి సొంత చిల్లరతో, సొంత సాయంత్రాలతో జరిగిన పని. రెండూ అవసరమే కానీ, నా మటుకు రెండోదే పెద్దది.

పాలిటెక్నిక్‌కు మన పిల్లలు చాలామంది వస్తున్నారు. వాళ్లకు ఒక్క మాట. నలుగురు తెలుగువాళ్లు ఒకే గదిలో వండుకు తిని చదువుకుని పోకండి. వారానికి ఒక సాయంత్రం స్టేషన్ దగ్గర నిరాశ్రయులకు వేడి సూప్ పంచే విద్యార్థులతో వెళ్లండి, మీ మతం ఏదని ఎవరూ అడగరు. పైగా, కోచింగ్ క్లాసు కన్నా అక్కడే ఇటాలియన్ త్వరగా వస్తుంది.