తెలిసిన కథలో ఉత్కంఠ: బొబ్బిలి కథ ఆధారంగా ఒక ప్రతిపాదన

బొబ్బిలి కథను వీరరసప్రధానమని వర్గీకరించి ముందుకు సాగిపోవడం మన జానపద సాహిత్య పరిశోధనలో అలవాటైపోయింది. రసం పేరు చెబితే చాలు, కథ శ్రోతను ఎందుకు కట్టిపడేస్తుందో చెప్పేసినట్టే అనుకున్నాం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ కథ వినేవాళ్లను గమనిస్తూ వచ్చిన నాకు ఆ జవాబు చాలలేదు. బొబ్బిలి రాజు రంగారావు నేలకొరుగుతాడని, కోట నిప్పుపాలవుతుందని, రాజాంలో ఉన్న వీరుడు పాపారాయుడు ఆదుకోవడానికి వేళకు రాలేడని అక్కడ అందరికీ తెలుసు. అయినా రాజాం ఘట్టం వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది కథంతా నోటికి వచ్చిన ముసలివాళ్లే. తొలిసారి వింటున్న పిల్లలు అప్పుడే దిక్కులు చూస్తుంటారు. ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఉత్కంఠకు మూలమైతే ఇది తలకిందులుగా ఉండాల్సింది.

ఈ విషయంలో నా పేచీ ముఖ్యంగా తత్వవేత్త నోయెల్ కారల్‌తో. ఉత్కంఠలోని వైరుధ్యం గురించి 1996లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం ఉత్కంఠకు ఫలితం అనిశ్చితంగా ఉండాలి. పైగా న్యాయం గెలిచే అవకాశం తక్కువగా, అన్యాయం గెలిచే అవకాశం ఎక్కువగా కనబడాలి. ముగింపు తెలిసినవాడికీ గుండె దడదడలాడుతోంది కదా అంటే, అతను ఫలితం తేలనట్టు ఊహించుకుంటున్నాడని కారల్ సమాధానం. జార్జ్ వాషింగ్టన్ అమెరికా తొలి అధ్యక్షుడయ్యాడన్న జగమెరిగిన సత్యాన్ని సైతం, సందేహం రేపే కథనం చదివినవాళ్లు కాస్త ఆలస్యంగా ధ్రువీకరిస్తారని అంతకుముందే 1989లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గెరిగ్ ప్రయోగాలు చూపాయి. గెరిగ్ వివరణతో కారల్ ఏకీభవించలేదు. ఇద్దరి మధ్య తేడా ఎంతున్నా, తెలిసిన సంగతిని ఉత్కంఠకు అడ్డంకిగానే చూడడంలో ఇద్దరూ ఒకటే.

బొబ్బిలి శ్రోత తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి వినడు. దానితోనే వింటాడు. కబురు వేళకు అందదని తెలుసు కాబట్టే, 'అయ్యో, ఇంకా రాజాంలోనే ఉన్నాడే' అని నిట్టూరుస్తాడు. ఫలితం తేలలేదని ఊహించుకునేవాడి నోట ఆ మాట రాదు. కారల్ సిద్ధాంతంలో ఆ నిట్టూర్పుకు చోటు లేదు.

కథ నిర్మాణం చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బలగాలు బొబ్బిలి కోట మీద పడ్డాయి. ఆ దాడిని చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ గ్రంథస్థం చేశాడు. కోటలోనివాళ్లు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని పోరాడి పడిపోయిన వైనం చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే ఓర్మ్ చూపు కోట మీదనే ఉంటుంది. మన కథకులు అదే రోజును రెండు చోట్ల నడిపారు. ఇక్కడ బురుజులు కూలుతుంటాయి. అక్కడ రాజాంలో, గుర్రం మీద ఒక పూటలో చేరుకోగల దూరంలో, ఆదుకోగలిగిన ఒకే ఒక్క మనిషి ఏమీ తెలియక కూర్చుని ఉంటాడు. దాంతో కోట దగ్గర గడిచే ప్రతి ఘడియకూ రాజాంలో లెక్క పడుతుంది. కథకుడు రంగారావు భార్య మల్లమ్మ దుఃఖాన్ని ఎంత సాగదీస్తే శ్రోతకు కాలం అంతగా చేజారుతుంది. శ్రోతను పట్టి ఉంచేది ఈ జాప్యమే. ఫలితం ముందే తెలియడం ఆ జాప్యాన్ని భరించలేనిదిగా చేస్తుంది.

బుర్రకథ రూపమే ఇందుకు సాక్ష్యం. షేక్ నాజర్ వంటి మహాకథకులు బొబ్బిలి యుద్ధాన్ని ఊరూరా వినిపించిన పద్ధతి గుర్తు చేసుకోండి. కథ ఉరవడి అందుకున్నాక, కథకుడి పక్కన పాడే వంత అడ్డుపడి 'ఆ తర్వాత ఏమైంది?' అని అడుగుతాడు. ఆ వంతకు తెలియదా? అదే కథకు ఎన్నో రాత్రులు గుమ్మెట వాయించినవాడు. ఆ ప్రశ్న సమాచారం కోసం పుట్టలేదు, కథను ఆపడానికి పుట్టింది. సరిగ్గా కత్తి లేచిన చోట హాస్యపు వంత ఒక చతురోక్తి విసురుతాడు. జనం నవ్వుతారు, కత్తి మాత్రం గాలిలోనే ఉంటుంది. దీన్ని వినోదం కోసం చేసిన కలగాపులగమని తేల్చినవాళ్లు, కాలాన్ని బిగించే యంత్రాంగం ఇందులో ఉందని గుర్తించలేదు. పాత్రల భావాన్ని శ్రోత తనదిగా అనుభవించే సాధారణీకరణం గురించి ఇన్ని పుటలు రాసిన మన విమర్శ, అది జరగడానికి కథకుడు ఎంత సేపు తీసుకుంటాడో ఎన్నడూ కొలవలేదు.

హంతకుడెవరో దాచి నడిపే అగాథా క్రిస్టీ తరహా నవలలు ఈ వాదనకు లొంగవనవచ్చు గానీ, అక్కడ పనిచేసేది కుతూహలం, అది వేరే భావం.

ముగింపు ముందే తెలిసిన థ్రిల్లర్‌లోనూ బొబ్బిలి బిగువే కనిపిస్తుంది. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వచ్చింది. అందులో హంతకుడు గురిపెట్టిన ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ అంతకు ముందు ఏడాదే తన ఇంట్లో సహజ మరణం పొందాడు. హత్యాయత్నం విఫలమవుతుందని తెలియని పాఠకుడు దాదాపు లేడు. అయినా దొంగ పాస్‌పోర్టులు, ప్రత్యేకంగా చేయించిన తుపాకీ, సరిహద్దులు దాటడం వంటి వివరాల మీదుగా నవల తాపీగా నడుస్తుంటే పుస్తకం కింద పెట్టలేం. ఎందుకంటే హంతకుణ్ణి వెంటాడే పోలీసు అధికారి లెబెల్ ప్రతిచోటికీ కాస్త ఆలస్యంగా చేరుతుంటాడు. పాపారాయుడు అందుకోలేకపోయాడు, లెబెల్ చివరి క్షణంలో అందుకున్నాడు. ముగింపులు ఎదురెదురుగా ఉన్నా బిగువు ఒక్కటే. కాబట్టి ఉత్కంఠకూ, ఫలితం ఏదన్నదానికీ సంబంధం లేదని ధైర్యంగా చెప్పవచ్చు. కల్పిత థ్రిల్లరైనా, జరిగిన కథైనా, ఏ భాషలోనైనా, రావలసినవాడికీ జరగబోయేదానికీ మధ్య కరిగిపోయే కాలమే మనిషిని కూర్చోబెడుతుంది. ముగింపును దాచిపెట్టడం ఈ బిగువు సాధించలేని కథకుడు వెతుక్కునే ఆసరా.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. మిగిలి ఉన్న కథకుల ప్రదర్శనలను రికార్డు చేసి, ఏ ఘట్టంలో ఎంత సేపు ఆగారో, వంత ఎక్కడ అడ్డుపడ్డాడో, దరువు ఎప్పుడు మారిందో నిమిషాల లెక్కన నమోదు చేయాలి. అచ్చు ప్రతులు ఈ సంగతులు చెప్పవు. ఆ కొలతలు చేతికొచ్చిన రోజున, అనిశ్చితే ఉత్కంఠకు ప్రాణమన్న పాఠాన్ని మన విశ్వవిద్యాలయాలు నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు.